పేరు లేని దర్బారు: సీమ నాటకాల సీన్లు గీసినవాళ్ల వృత్తి

అనంతపురం, కర్నూలు పల్లెల్లో తిరునాళ్ల రాత్రి కురుక్షేత్రం మొదలయ్యే ముందు మైకులో చాలా పేర్లు వినిపిస్తాయి. కృష్ణుడి పాత్ర ఎవరిది, దుర్యోధనుడు ఎవరు, హార్మోనియం మాస్టారు ఏ ఊరాయన, చదివింపులు ఇచ్చిన పెద్దలెవరు, అన్నీ చెబుతారు. డ్రెస్సులు ఫలానా కంపెనీవి, సీన్లు (వెనక కట్టే బొమ్మల తెరలు) ఫలానా సప్లయర్స్‌వి అని కూడా చెబుతారు. ఆ సీన్లు గీసిన మనిషి పేరు మాత్రం ఆ జాబితాలో ఉండదు. అడిగితే చాలాసార్లు సప్లయర్‌కే గుర్తుండదు.

కళాకారులకు గుర్తింపు లేదని ఓ నిట్టూర్పు విడిచి ఈ సంగతిని అక్కడితో వదిలేయడం మామూలే. అసలు విషయం డబ్బు లెక్కలో ఉంది. నాటకం తెర అద్దెకు తిరిగే వస్తువు. గీసినవాడికి డబ్బు ఒక్కసారే వస్తుంది, కొన్నవాడికి ఆడిన ప్రతి రాత్రీ వస్తుంది. సీన్ల పెయింటర్ ఎంత సంపాదించాడు, ఎందుకు పేరు లేకుండా మిగిలాడు, చివరికి ఏ బొమ్మ గీశాడు అన్నవి కూడా చాలావరకు ఈ అద్దె ఏర్పాటే తేల్చింది.

రంగుల తెర మన నాటకంతో పాటు పుట్టింది కాదు. వీధి భాగవతానికి ఇద్దరు చెరోవైపు పట్టుకునే అడ్డతెర సరిపోయేది. తోలుబొమ్మలాటకు తెల్లపంచె చాలు, రంగంతా బొమ్మలోనే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బొంబాయి పార్సీ కంపెనీలు యూరప్ పద్ధతి రంగస్థలాన్ని తెచ్చాయి. ముందు ఒక చట్రం, పక్కన వింగులనే నిలువు తెరలు, పైన ఝాలర్లనే అడ్డపట్టీలు, వెనక లోతు కనిపించేట్టు గీసిన తెర. మరాఠీ, కన్నడ కంపెనీలు వాటి బాట పట్టాయి. 1880లో ధార్వాడ కంపెనీ రాజమండ్రిలో ఆడిన నాటకాలు కందుకూరి వీరేశలింగాన్ని నాటక ప్రదర్శన వైపు నడిపించాయని సాహిత్య చరిత్రల్లో చదువుతాం. సీమకు ఆ గాలి ఇంకా దగ్గర నుంచే వీచింది. ధర్మవరం కృష్ణమాచార్యులు సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ బళ్లారివి. అనంతపురం 1882 దాకా ఆ బళ్లారి జిల్లాలో భాగమే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం కీచక వధతో రంగం ఎక్కింది.

ఇందులో రైలు పాత్ర గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. బొంబాయి నుంచి మద్రాసుకు రైలు దారి 1871లో కలిసింది. గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప ఆ దారిలోనే ఉన్నాయి. నిలువెత్తు వెదుర్లకు చుట్టిన పాతిక ముప్పై తెరలు ఎద్దుల బండ్ల మీద ఎంత దూరం పోగలవు? కంపెనీలు మకాం వేసిన ఊళ్లు రైలు దారి వెంబడే ఉండటంలో ఆశ్చర్యం లేదు. తెరలు చూసి గీయడం నేర్చుకున్నవాళ్లు కూడా ముందుగా ఆ ఊళ్లలోనే తయారై ఉండాలి.

కృష్ణమాచార్యులు నాటకాన్ని అంకాలుగా, అంకాలను రంగాలుగా విడగొట్టారు. ఇది రచనకు సంబంధించిన మార్పుగానే చదువుకుంటాం గానీ, పెయింటర్‌కు పని పుట్టించింది ఇదే. రంగం మారితే వెనక తెర మారాలి. సింహాసనం, కుర్చీలు, మెట్లు తీసి ఇంకోటి పెట్టడానికి వ్యవధి కావాలి. అందుకని లోపల ఒక సీను, ముందు ఒక సీను అనే పద్ధతి వచ్చింది. ముందు వీధి సీను దించి దాని ఎదుట ఇద్దరు సేవకులో, నక్షత్రకుడో, హాస్యగాడో కాసేపు మాట్లాడుతుంటే వెనక చప్పుడు కాకుండా దర్బారు సర్దేవాళ్లు. పాత నాటకాల్లో కథతో పెద్దగా పని లేని వీధి సంభాషణలు అన్ని ఎందుకున్నాయో తెర వెనక పని చేసినవాళ్లను అడగాలి. తెర దించే తాడు పొడవును బట్టి కూడా కొన్ని హాస్య రంగాలు పుట్టాయంటే కవులకు కోపం రావచ్చు.

ఒక పూర్తి సెట్టులో ఏముంటాయంటే: ముందు తెర, దర్బారు, అంతఃపురం, ఉద్యానవనం, వీధి, అడవి, పూరిల్లు, జైలు, కాటి సీను, కైలాసమో వైకుంఠమో ఒకటి. వీటితో హరిశ్చంద్ర ఆడొచ్చు, కురుక్షేత్రం ఆడొచ్చు, తులాభారం ఆడొచ్చు, రామాంజనేయ యుద్ధం కూడా ఆడొచ్చు. హస్తినాపురం దర్బారులోనూ అయోధ్య దర్బారులోనూ అవే స్తంభాలు. సప్లయర్‌కు కావాల్సింది సరిగ్గా ఇదే. ఏ నాటకానికైనా పనికొచ్చే తెర వారంలో నాలుగు రాత్రులు తిరుగుతుంది. ఒక్క నాటకానికే పనికొచ్చేది మూలన పడుంటుంది. కాబట్టి పెయింటర్‌కు వచ్చే ఆర్డరు ఎప్పుడూ ఒకే మాటలో ఉంటుంది: పాతదాని మాదిరే.

ఈ మాట వల్ల వచ్చిన విచిత్రం ఒకటుంది. కర్నూలు నుంచి కాస్త దూరం పోతే నల్లమల. అడవి సీనులో నల్లమల కనిపించదు. అక్కడ జలపాతం ఉంటుంది, దాని కింద హంసలుంటాయి, వెనక మంచు పూసిన కొండలుంటాయి. దర్బారు స్తంభాలు లేపాక్షివి కావు, బొంబాయి భవనాల మీద కనిపించే, తలమీద ఆకులు చెక్కిన యూరప్ తరహా స్తంభాలు. దేవుళ్లు, అప్సరసలు రవివర్మ ముద్రణాలయం క్యాలెండర్లలో ఉన్నట్టే ఉంటారు. 1894లో బొంబాయిలో మొదలైన ఆ అచ్చుబొమ్మలు దేశంలో ఎన్ని గోడలెక్కాయో అన్ని తెరలూ ఎక్కాయి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలు, చీరల అంచులు, కోలముఖాలు అన్నీ అందుబాటులోనే ఉన్నా అవి తెర మీదికి రాలేదు. పెయింటర్‌కు అవి తెలియక కాదు. కరువు సీమలో నాటకం చూడ్డానికి వచ్చినవాడికి రోజూ చూసే గుట్ట, తుమ్మచెట్టు ఎందుకు? డబ్బు పెట్టినవాడు, జనం ఇద్దరూ దూరపు లోకమే కావాలన్నారు. ఆ లోకం బొమ్మ అచ్చై వచ్చేసింది.

ఇక పని ఎలా జరిగేదో చూద్దాం. ముందు కావాల్సింది చోటు. ఇరవై అడుగులకు మించిన వెడల్పు, పన్నెండు పద్నాలుగు అడుగుల ఎత్తు ఉన్న గుడ్డను నేలమీద పరిచి చుట్టూ మనిషి తిరగాలి. సొంతంగా అంత చోటు ఉన్న పెయింటర్ ఎక్కడా ఉండడు. సీజను లేని నెలల్లో వేరుశనగ గోదాము, ఎండాకాలం సెలవుల్లో బడి హాలు, మూఢం వచ్చి పెళ్లిళ్లు లేనప్పుడు కల్యాణ మండపం. నాటకాలు శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఊరి దేవర చుట్టూ ఎక్కువ కాబట్టి తెరలు ఖాళీగా ఉండేది వానాకాలం. రంగు ఆరడానికి అదే చెడ్డ కాలం. సీమ వానలు పెద్దగా ఇబ్బంది పెట్టవనుకోండి.

కోరా గుడ్డ బార్లు అడ్డంగా కలిపి కుడతారు. నిలువుగా కుడితే తెర వేలాడినప్పుడు కుట్టు వెంబడి ముడతలు పడి స్తంభం వంకరపోతుంది. గుడ్డకు ముందు గంజి గానీ చింతగింజల పిండి జిగురు గానీ సుద్ద కలిపి పట్టిస్తారు. అసలు నేర్పు ఈ జిగురు పాళ్లలోనే ఉంది. జిగురు ఎక్కువైతే చుట్టినప్పుడు రంగు బీటలు వారి పెచ్చులూడుతుంది. తక్కువైతే పాత్రధారి భుజం తగిలిన చోటల్లా పొడి రాలి, కృష్ణుడి పట్టు ఉత్తరీయానికి అడవి పచ్చ అంటుకుంటుంది. నూనె రంగులు వాడితే మెరుపు వస్తుంది, మడతల్లో అతుక్కుపోతుంది, బరువు రెట్టింపవుతుంది. అందుకని పొడి రంగులే వాడేవాళ్లు: సుద్ద, జాజు, నీలిమందు, దీపపు మసి, అంగట్లో దొరికే పసుపు, పచ్చ పొడులు. జిగురు నీళ్లలో కలిపిన ఈ రంగులు తడి మీద ముదురుగా కనిపించి ఆరాక బాగా తేలిపోతాయి. ఎంత తేలుతుందో ఒక్కో పొడికి ఒక్కో లెక్క. కొత్తగా చేరిన పిల్లోడు కుంచె పట్టడానికి ముందు నేర్చుకునేది ఇది. కలిపిన రంగును గుడ్డ ముక్క మీద రాసి, ఎండలో ఆరబెట్టి, చూసి, మళ్లీ కలపడం.

గీయడానికి ముందు చిన్న కాగితం మీద బొమ్మ వేసి గళ్లు గీస్తారు. గుడ్డ మీద పెద్ద గళ్లకు జాజు పూసిన దారం రెండు చివర్లా లాగి పట్టి మధ్యలో టప్పున కొడతారు. ఎర్రగీత పడుతుంది. దర్బారుకైతే తెర మధ్యలో, మనిషి కంటి ఎత్తున ఒక మేకు కొట్టి, దానికి దారం కట్టి నేల పలకల గీతలు, స్తంభాల పై అంచులు, కప్పు దూలాలు అన్నీ ఆ మేకు వైపే పోయేట్టు కొడతారు. చదునుగా ఉన్న గుడ్డ నలభై అడుగుల సభ అయ్యేది ఈ మేకుతోనే. దానితో పాటు ఒక ఇబ్బంది కూడా వస్తుంది. పాత్రధారి వెనక్కి పోయి తెరకు ఆనుకుని నిలబడితే దూరపు స్తంభాల కంటే పొడుగ్గా కనిపించి దర్బారు బొమ్మరిల్లు అయిపోతుంది. అందుకని అందరూ ముందుకొచ్చే నిలబడాలి. పద్యం పాడేవాళ్లు ముందుకు రావడానికి మైకు ఒక్కటే కారణం కాదు, మైకు రాకముందు నుంచే తెర వాళ్లను ముందుకు తోస్తోంది.

వెలుతురు ఇంకో లెక్క. కిట్సన్, పెట్రోమాక్సు లైట్ల నుంచి బల్బులకు మారాక పసుపు వెలుగులో నీలం బూడిద రంగులోకి దిగిపోయింది, ఎరుపు నారింజలు పైకి లేచాయి. పగటిపూట గోదాములో అందంగా కనిపించిన ఉద్యానవనం రాత్రి స్టేజీ మీద మసకబారితే సప్లయర్ ఊరుకోడు. అనుభవం ఉన్నవాళ్లు ఆకాశంలో నీలం ఎక్కువ దట్టించి, పగలు చూస్తే మోటుగా ఉండేట్టు వదిలేస్తారు. దగ్గరగా చూస్తే అంతా పెద్ద పెద్ద మచ్చలు, నార కుంచెతో విదిల్చిన చుక్కలు. ఇరవై అడుగుల అవతల కూర్చుంటే ఆకులు. స్తంభానికి ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ వేస్తారు కాబట్టి వింగుల మీద నీడ కూడా అదే వైపు పడాలి. ఒక సెట్టు వింగులు తెచ్చి ఇంకో సెట్టు తెరకు జత చేయడం సప్లయర్లకు అలవాటు. అప్పుడు సూర్యుడు రెండు వైపులా ఉదయిస్తాడు. చూసేవాళ్లలో ఒక్కరూ గమనించరు, గీసినవాడు అక్కడుంటే మాత్రం వాడికి నాటకం అయిపోయినట్టే.

వెదురుకు చుట్టి గిలకల మీద లాగే తెర అడుగుభాగం ముందుగా పాడవుతుంది. దుమ్ము, కాళ్ల తొక్కిడి, వెదురు ఒరిపిడి అన్నీ అక్కడే. పెయింటర్ సంతకం చేసే మూల కూడా అదే. ఫలానా ఆర్ట్స్, ఊరి పేరు, అంతే. తెర పైన ఝాలరు మీద మాత్రం అడుగు ఎత్తు అక్షరాలతో, నీడలు వేసి, బంగారు అంచు దిద్ది సప్లయర్ పేరు రాస్తాడు. ఆ తెర మొత్తంలో అందరూ చదివే అక్షరాలు అవే. రాసిన చెయ్యి ఒకరిది, పేరు ఇంకొకరిది.

గుత్తకు ఒప్పుకున్న పనిలో గుడ్డ సప్లయర్‌ది, రంగులు ఒక్కోసారి పెయింటర్‌వి. రంగుల ధర పెరిగితే ఆ దెబ్బ అతనికే. తెర బాగా గీసి, జిగురు పాళ్లు సరిగ్గా కుదిరితే పదేళ్లకు పైగా నిలుస్తుంది. అంటే పని మంచిగా చేసినవాడికి పదేళ్ల దాకా ఆ సప్లయర్ నుంచి ఇంకో దర్బారు ఆర్డరు రాదు. ఈ వృత్తిలో ఉన్న పెద్ద చిక్కు ఇదేననిపిస్తుంది. నటుడు ప్రతి రాత్రీ మళ్లీ ఆడాలి, హార్మోనియం ప్రతి రాత్రీ మళ్లీ మోగాలి, కాబట్టి వాళ్లకు ప్రతి రాత్రీ కూలి ఉంది. పెయింటర్ పని ఒకసారి చేస్తే అతను లేకుండానే ఆడుతూ ఉంటుంది.

అందుకే సీన్లు మాత్రమే గీసి బతికినవాడు సీమలో ఎవరూ ఉండరనే అనుకోవాలి. అంగడి బోర్డులు, లారీల వెనక నెమళ్లు, సినిమా హాళ్ల బ్యానర్లు, గుడి గోపురాలకు రంగులు, ఎన్నికలప్పుడు గోడ రాతలు. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న కాలంలో, అంటే 1990ల మొదట్లో, గోడ రాతల మీద కట్టడి బిగిసినప్పుడు ప్రజాస్వామ్యం ఏమైందో గానీ పెయింటర్ల ఐదేళ్లకోసారి వచ్చే పండగ మాత్రం చిన్నబోయింది. నేలమీద గొంతుకూర్చుని గీయడం వల్ల మోకాళ్లు, నడుము ముందే పోతాయి. పొడి రంగుల్లో క్రోమ్ పసుపు సీసంతో చేసింది. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా ఆ పొడిని చేత్తో కలిపినవాళ్లున్నారు.

సురభి నాటక కుటుంబాల దారి వేరు. అక్కడ తెర అద్దెది కాదు, కుటుంబానిది. గీసేవాడు బయటివాడు కాడు, సాయంత్రం వేషం కట్టేవాడే. ఆ వేషగాడికి తెర వెనక గిలక ఎక్కడుందో, తీగ ఎక్కడుందో, నారదుడు ఏ మబ్బు చాటు నుంచి దిగుతాడో తెలుసు. కాబట్టి మబ్బును అక్కడ రెండుగా కోసి గీస్తాడు. మాయలు చూపే నాటకాలకు సురభి పెట్టింది పేరు కావడానికి కారణం యంత్రాలే అనుకుంటారు. చిత్రకారుడు, నటుడు, తాడు లాగేవాడు ఒకే ఇంట్లో అన్నం తినడం అంతకంటే పెద్ద కారణం. సప్లయర్ తెరల్లో ఇలాంటి తెలివి కనిపించదు. ఏ ఊరి స్టేజీ మీద కడతారో తెలియని తెరలో కిటికీ కోయలేరు కదా. సురభి వాళ్లు తెరలు కొత్తగా గీస్తూ, మారుస్తూ వచ్చారంటే అది వాళ్ల సొంత పెట్టుబడి అయినందువల్లే.

ఈ పని నుంచి పైకి పోయే మెట్టు లేకపోలేదు. కొల్హాపూర్‌లో మరాఠీ సంగీత నాటకాలకు తెరలు గీసిన బాబూరావు పెయింటర్ అక్కడే సినిమా కంపెనీ పెట్టి, 1920లో సైరంధ్రి తీశాడు. పెయింటర్ అన్నది ఆయనకు ఇంటిపేరులా నిలిచింది. సీమలో ఇలా ఎందుకు జరగలేదంటే, కొల్హాపూర్‌కు సంస్థానం అండ ఉంది, ఊళ్లోనే కంపెనీలున్నాయి. మన దగ్గర డబ్బూ తెలివీ రెండూ రైలెక్కి మద్రాసు చేరాయి. పులివెందుల ప్రాంతం నుంచి పోయిన బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి అన్నదమ్ములు వాహినీ, విజయా సంస్థల్లో ఉన్నారు. తాడిపత్రి వాడైన కె.వి. రెడ్డి జానపద, పౌరాణిక చిత్రాలకు గోఖలే, కళాధర్ కళాదర్శకులు. నాటకం దర్బారు అక్కడ పెద్దదై, గట్టిపడి, ప్లాస్టర్ స్తంభాలతో నిలబడింది. ఆ సినిమాలు తిరిగి కడప, కర్నూలు హాళ్లకు వచ్చేసరికి ఊళ్లో తెర చిన్నబోయింది. తరువాత గీసిన దర్బారు తెరల్లో సినిమా సెట్ల పోలికలు కనిపించడం మొదలైంది. అసలు ఎవరు ఎవరిని చూసి గీశారన్నది ఇక విడదీయలేం.

సాంఘిక నాటకాలు, పరిషత్తు పోటీలు వచ్చాక పని ఇంకా తగ్గింది. పరిషత్తు నాటికకు ఒక గది చాలు, గోడకు లేత రంగు, ఒక క్యాలెండరు, ఒక కుర్చీ. ఉత్తమ రంగాలంకరణ అనే బహుమతి ఉంటుంది గానీ అది ఊహించినవాడికి పోతుంది, రంగు వేసినవాడికి కాదు. ఈ తేడా దేశమంతటా ఉంది. బెంగాల్ బహురూపి బృందం నాటకాలకు రంగస్థలం తీర్చిన ఖాలేద్ చౌధురీకి 2012లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన ఒక్కో నాటకానికి ఒక్కో లోకం ఊహించినవాడు. పాతదాని మాదిరే అనే ఆర్డరు మీద బతికినవాడికి ఆ అవకాశం ఎక్కడిది?

ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంటను పక్కన పెట్టి పోల్చి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. తోలుబొమ్మలాట జనం లేక ఆగిపోయినా బొమ్మలు చేసే పని ఆగలేదు. అవే చేతులు దీపాల గొడుగులు, గోడకు తగిలించే పలకలు చేశాయి. తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర గీసేవాళ్లకు ఈ దారి దొరకకపోవడానికి నేర్పు తక్కువ కావడం కారణం కాదు. బొమ్మను సంచిలో వేసుకుని హైదరాబాద్ పోవచ్చు, ఇరవై అడుగుల కైలాసాన్ని ఏ డ్రాయింగు రూములో తగిలిస్తారు? పైగా బొమ్మ చేసినవాడిదే, తెర కొన్నవాడిది. అమ్ముకోవడానికి పెయింటర్ దగ్గర చేతులు తప్ప ఏమీ మిగల్లేదు.

2000 తరువాత ఫ్లెక్సు వచ్చి ముందు బోర్డుల పనిని, తరువాత బ్యానర్ల పనిని తీసుకుపోయింది. సీన్ల దగ్గర అది పూర్తిగా గెలవలేదు. ఫ్లెక్సు లైటు పడితే తళతళమని అద్దంలా మెరుస్తుంది, మడిస్తే గీత పడి ఆ గీత పోదు. అసలు దెబ్బ ఎల్ఈడీ స్క్రీనుది. రంగు తెర మీద వెలుతురు పడితేనే అది కనిపిస్తుంది, కాబట్టి దాని ముందున్న నటుడే ఎప్పుడూ ఎక్కువ వెలుగులో ఉంటాడు. స్క్రీను తనే వెలుగు. వెనక జలపాతం కదులుతుంటే దాని ముందు పద్యం పాడే మనిషి నల్లటి నీడగా మిగులుతాడు. నాటకానికి ఇది ఫ్లెక్సు కంటే ఎక్కువ నష్టం చేస్తోంది. నిర్వాహకులకు మాత్రం ఫోటోల్లో గొప్పగా కనిపిస్తుంది.

2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దారం కొట్టి దర్బారు నిలబెట్టడం, ఆరాక రంగు ఎంత తేలుతుందో లెక్కగట్టడం లాంటివి పాఠంగా చెప్పదగ్గ విద్యలే. చెప్పగలిగిన చేతులు ఇంకా కొన్ని పట్టణాల్లో అంగడి షట్టర్ల మీద అక్షరాలు రాస్తున్నాయి.

గుడ్డ తెర పల్లెల్లో ఇంకా నడుస్తోంది. స్క్రీనుకు జనరేటరు, లారీ, ఆపరేటరు కావాలి, దీనికి నాలుగు గుంజలు, తాడు ఉంటే చాలు. వేషానికింత అని తామే డబ్బు వేసుకుని కురుక్షేత్రం ఆడే రైతులకు తేలిగ్గా అందేది ఇదే. అయితే సప్లయర్లు కొత్త తెరలు గీయించడం దాదాపు మానేశారు. పాతదాన్నే నేలమీద పరిచి, పోయిన చోట రంగు వేయిస్తారు. సీన్లు గీయడం తెలిసినవాడు దొరక్కపోతే బోర్డులు రాసేవాడిని పిలుస్తారు. కింద పాత గీత కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి దాని వెంబడే పోతే సరిపోతుందని చెబుతారు. బేరం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. గుడ్డ ఎలాగూ నాదే, బొమ్మ కూడా ముందే ఉంది, అందుకని రంగు వేసిన కూలి మాత్రమే ఇస్తానంటాడు సప్లయర్.